దిక్కు తెలియని దిబ్బ

తెల్లవారుతుండగానే మూట చంకన పెట్టుకుని రేవుకి వచ్చిన షెహ్రిబాన్‌కి, ఆ పొగమంచులో, తన పడవలో, తనకంటే ముందే వచ్చి కూర్చున్న అత్తగారు కనిపించిందనీ, "నడుపు, నేనూ వస్తున్నా" అన్న ఒక్క మాట తప్ప ఆవిడ మరేమీ అనలేదనీ కిందటి వారం చెప్పుకున్నాం. ఎబెర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, రైలు స్టేషన్ పక్కన, ఆ స్టేషన్‌లో పనిచేసే రెమ్జీ ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. మధ్యాహ్నం బండికి అతనూ ఆమే కోన్యా పట్నం వెళ్ళిపోవాలి. షెహ్రిబాన్ మొగుడు ఇల్యాస్ చేపలవేటకని సరస్సు మీదికి వెళ్ళి రెండేళ్ళయింది. పోయాడన్న కబురు లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. అందుకే ఆమె ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. సగం దారిలో మంచు చిక్కబడి, గెడ ఎటు వేసినా రెల్లే తగలసాగింది. చివరికి ఒక దిబ్బ మీద రెల్లు కోసేవాళ్ళు వదిలేసిన పాక కనిపిస్తే, ఆ దిబ్బకి పడవ కట్టేసి, మంచు విడిచేదాకా ఆగుదామని ఇద్దరూ ఎక్కారు.

ఆ దిబ్బ కదులుతోందని కనిపెట్టింది అత్తగారే.

"కోడలా, పొద్దు ఎటుంది?" అంది ఫాదిమె, పాక గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుంటూ.

షెహ్రిబాన్ తలెత్తింది. సూర్యుడు మంచు వెనక, పాలగిన్నెలో పడేసిన వెండి బిళ్ళలా ఉన్నాడు. కళ్ళార్పకుండా చూడొచ్చు.

"అదిగో, పాక వెనక."

"ఇందాక రొట్టె విప్పినప్పుడు నీ మొహం మీద ఉంది."

ఇద్దరూ చూశారు. వెండి బిళ్ళ చూస్తుండగానే పాక చూరు దాటి ఇవతలికి వచ్చింది, మళ్ళీ రెల్లు కంకుల వెనక్కి పోయింది. అంత తొందరగా జరగడానికి సూర్యుడికేం పని? జరుగుతున్నది కింద ఉన్నది. రెల్లు మీద రెల్లు చచ్చి, వేళ్ళూ వేళ్ళూ అల్లుకుని మందమైన చాపలా తయారైన ఆ దిబ్బకి అడుగున పట్టు తెగిపోయింది. అలాంటివాటిని ఎబెర్ సరస్సు మీద కొపాక్ అంటారు, తెగిపోయినదని. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. తోచినప్పుడు తిరుగుతుంది, తోచినప్పుడు ఆగుతుంది.

"తెగింది," అంది ఫాదిమె, పాలు విరిగాయన్నంత మామూలుగా.

షెహ్రిబాన్ లేచి దిబ్బ అంచుకి వెళ్ళింది. అడుగు వేసినచోటల్లా నేల మెత్తగా దిగి మళ్ళీ పైకి లేచింది. పడవ ఉంది, తాడు ఉంది. కానీ ఎటు పోవాలి? నాలుగు వైపులా ఒకటే తెలుపు. ఎక్కడో నీటికోళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు ముందునుంచి వస్తోందో వెనకనుంచి వస్తోందో కూడా తెలియడం లేదు.

"పడవ నడపడం నీకు నేర్పింది నేను," అంది వెనకనుంచి అత్తగారు. "దారి తప్పడం మాత్రం నీ సొంత విద్య."

"మంచుకి నేనేం చేస్తాను అత్తమ్మా?"

"మంచుననడం లేదే. నిన్నంటున్నా. ఇంత మంచున్న రోజు చూసుకుని ఎవరైనా లేచిపోతారా?"

షెహ్రిబాన్ గిరుక్కున తిరిగింది. చలికి ఎర్రబడ్డ బుగ్గలు ఇంకా ఎర్రబడ్డాయి. ఇంతసేపూ పడవలో గెడ వేస్తూ, రొట్టె తింటూ, ఈవిడకి ఏ మేరకు తెలుసో అని మనసులో లెక్కలు వేసుకుంటూనే ఉంది.

"నీకెవరు చెప్పారు?"

"నీ బట్టల పెట్టె చెప్పింది. కాపురానికొచ్చిన నాటినుంచి ఆ పెట్టెకి మూత వెయ్యమని అరుస్తూనే ఉన్నా. రాత్రి చూద్దును గదా, ముద్దుగా మూత వేసుంది. ఇంకేముంది, లోపల ఏమీ లేదన్నమాట అనుకున్నా." ఫాదిమె ఒళ్ళోని రొట్టె ముక్క తుంచింది. దాని మీద పూసిన గసగసాల ముద్ద చలికి గట్టిపడింది. "ఆ రైలు వాడేగా?"

"రెమ్జీ ఆయన పేరు."

"రైలు వచ్చినప్పుడు దీపం ఊపుతాడు. సరే. రానప్పుడు ఏం చేస్తాడు?"

"నాతో మాట్లాడతాడు," అంది షెహ్రిబాన్.

ఫాదిమె రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

దిబ్బ పోతూనే ఉంది. గాలి ఉన్నట్టు చెంపకి తెలియడం లేదు, రెల్లు కంకులకి మాత్రం తెలుస్తోంది. అవన్నీ ఒకే వైపుకి కొంచెంగా తల వంచాయి. షెహ్రిబాన్ పాక గోడకి ఆనుకుని కూర్చుంది. ఈ నీళ్ళ మీద ఇంత నిశ్శబ్దంగా ఆమె ఎన్నడూ పోలేదు. ఎండాకాలంలో సరస్సు కుంచించుకుపోయి, అంచుల్లో తెల్లటి ఉప్పు చార మిగిలి, దోమలు ముసురుతాయి. నడి చలికాలంలో గడ్డకట్టి, దాని మీద ఎడ్లబండ్లు ఆవలి ఒడ్డుకి పోతాయి. వసంతంలో సుల్తాన్ కొండల మంచు కరిగి నీళ్ళు గడపదాకా వస్తాయి. వాటన్నిటి మధ్యా ఈ నాలుగు రోజుల పొగమంచు కాలం ఒకటుంది. అప్పుడు సరస్సుకి ఒడ్డు ఉండదు. పెళ్ళయిన కొత్తలో ఇల్యాస్ తనని ఇలాంటి మంచులోకే తీసుకొచ్చి, గెడ పడవలో పడేసి, "ఇప్పుడు మనం ఎక్కడున్నామో చెప్పుకో చూద్దాం" అనేవాడు. ఆమె ఏదో ఒకటి చెప్పేది. "తప్పు," అనేవాడు. ఏది చెప్పినా తప్పే అనేవాడు. అతని గొంతు ఆమెకి ఇంకా గుర్తుంది. మొహం మాత్రం ఈ మధ్య తొందరగా గుర్తుకు రావడం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, రెమ్జీకి కూడా.

"నన్ను ఆపడానికేగా వచ్చావు," అంది అత్తగారితో.

"కాదు."

"మరి?"

ఫాదిమె తలకి కట్టుకున్న గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది. ఆవిడ చేతివేళ్ళు రెల్లు కోతకి పగిలి, ఏళ్ళ తరబడి మానని గీతలతో నల్లగా ఉన్నాయి.

"నిన్న సాయంత్రం ఉత్తరపు గాలి మొదలైంది. అది మొదలైతే తెగిన దిబ్బలన్నీ దక్షిణపు ఒడ్డుకి చేరతాయి. నువ్వూ ఇటే వస్తున్నావు. పోయేలోపల ఇద్దర్నీ ఒక్కసారి కలుపుదామనుకున్నా."

"ఎవరిద్దర్నీ?"

"నిన్నూ, ఇల్యాస్‌నీ."

ఆ మాటకి షెహ్రిబాన్, ఇల్యాస్ బతికే ఉన్నాడనీ, ఈ రెండేళ్ళూ ఏదో దిబ్బ మీద దాక్కున్నాడనీ, ఇప్పుడు మంచులోంచి "తప్పు" అంటూ నడిచి వస్తాడనీ ఒక్క క్షణం నమ్మేసింది. నమ్మినందుకు సంతోషం వేసిందా, భయం వేసిందా అంటే, ఆమెకే తెలియదు. అత్తగారి మొహం చూశాక ఆ క్షణం దానంతటదే పోయింది.

"ఎప్పుడు దొరికాడు?" అంది.

"మంచుగడ్డ కరిగిన నెలలో. వాడు పోయిన చలికాలం దాటగానే." ఫాదిమె నీళ్ళ వైపు చూస్తూ చెప్పింది, దూరంగా ఎవరికో చెబుతున్నట్టు. "దూడకి పచ్చరెల్లు కోద్దామని వచ్చా. దిబ్బ అంచున రెల్లు వేళ్ళలో చెయ్యి కనిపించింది. చలికాలమంతా గడ్డ కిందే ఉన్నాడు కదా, నీళ్ళు వాణ్ణి ఏమీ చెయ్యలేదు. గడ్డం పెంచాడే అనుకున్నా మొదట. నాచు అది. చేత్తో తీసేశా. పైకి లాగా. ఎలా లాగానో అడక్కు. వాణ్ణి కన్నప్పుడు కూడా అంత కష్టం పడలేదు."

"ఒక్కదానివే?"

"నాతో ఎవరున్నారక్కడ? కొడవలితో రెల్లు వేళ్ళు కోసి గొయ్యి చేశా. నీళ్ళకేం కొదవ, కడిగా. నా దుప్పటి చుట్టా. నాకొచ్చిన ప్రార్థన నాకొచ్చినట్టు చదివా. మొహం మక్కా వైపు తిప్పి పడుకోబెట్టా. కొండలు కనిపిస్తున్నాయి ఆ రోజు, దిక్కు తప్పు పోలేదు. పైన రెల్లు కప్పి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించా."

ఆ రోజు షెహ్రిబాన్‌కి గుర్తుంది. అత్తగారు తడిసి ముద్దయి వచ్చింది. పడవలోంచి జారిపడ్డానంది. దుప్పటి నీళ్ళలో పోయిందంది. షెహ్రిబాన్ ఆవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, వేడెక్కేదాకా రుద్దింది. గేదె మీగడ వేడి రొట్టె మీద వేసి, దగ్గర కూర్చుని తినిపించింది.

"ఆ సాయంత్రం," అంది షెహ్రిబాన్, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "ఆ సాయంత్రం కూడా నువ్వు నన్ను పక్క పరవమన్నావు."

ఫాదిమె రొట్టె మూట మళ్ళీ ముడి వేసింది.

"ఇల్యాస్ పక్క. రోజూ పరిపించావు. పొద్దున్నే మడతపెట్టించావు. ఎవరూ పడుకోని పక్క! వస్తాడే, చలికి వణుక్కుంటూ వస్తాడే, పక్క సిద్ధంగా ఉండాలే అన్నావు. నేను పరిచా. దిండు దులిపి మరీ పరిచా. అతను ఎక్కడున్నాడో తెలిసి, నీ చేతుల్తో నువ్వే పూడ్చి వచ్చి, గుమ్మంలో నిలబడి నేను పరుస్తుంటే చూశావు. ఇన్నాళ్ళూ! నువ్వు మనిషివేనా?"

ఆమె లేచి నిలబడింది. దిబ్బ ఆమె కోపానికి ఊగింది. పాక కూడా కిర్రుమంది. కొట్టాలనుంది, కానీ అంత చిన్నగా, అంత వంగిపోయి కూర్చున్న మనిషిని ఎక్కడ కొట్టాలో తెలియలేదు. చేతికందిన రెల్లు గుప్పెడు పీకి నీళ్ళలోకి విసిరింది. అది దిబ్బ పక్కనే తేలుతూ వాళ్ళతోపాటే వచ్చింది.

"నువ్వు పరిచినప్పుడల్లా నాక్కూడా నిజమే అనిపించేది," అంది ఫాదిమె.

"నీకు అనిపించడం కోసం నన్ను చంపావు."

"అవును." ఆవిడ తల ఊపింది. "ఊళ్ళో చెబితే ఆ పూటే నువ్వు విధవవి. నలభై రోజులు కాగానే మీ అన్న బండి కట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో నేనూ గేదే మిగిలేవాళ్ళం. గేదె నీలా ఎదురు చెప్పదుగా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అదొక్కటే కాదులే. కూర్చో. నిలబడితే నువ్వు పొడుగ్గా ఉంటావు, నాకు చెప్పబుద్ధి కాదు."

షెహ్రిబాన్ కూర్చోలేదు. కానీ వెళ్ళనూ లేదు. ఎక్కడికని వెళ్తుంది?

"మీ మామ సంగతి నీకు తెలుసుగా," అంది ఫాదిమె.

తెలుసు, ఊరందరికీ తెలిసినంత. మామ దుర్ముష్ గ్రీకులతో యుద్ధంలో పోయాడు. అంతే.

"ఇల్యాస్ అప్పుడు నా కడుపులో ఉన్నాడు. ఆగస్టు నెల. అఫ్యోన్ అవతలి కొండల మీద ఫిరంగులు మొదలయ్యాయి. ఇక్కడ కుండలో నీళ్ళు వణికాయి. ఈ సరస్సు మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయి చాలా రోజులదాకా దిగలేదు. ఆయన ఆ మోతలోకే నడిచిపోయాడు. తరవాత మోత ఆగింది. గెలిచామన్నారు, డోళ్ళు వాయించారు. కుంటుకుంటూ కొందరొచ్చారు. ఆయన రాలేదు. దుర్ముష్ అంటే ఆగినవాడని. బతకాలని వాళ్ళమ్మ పెట్టుకున్న పేరు. ఎక్కడ ఆగాడో! ఎన్నాళ్ళు వెతికానో తెలుసా? ఆ యుద్ధం జరిగిన చేలల్లో గసగసాలు వేశారు మరుసటి ఏడాది. తెల్లగా పూశాయి, కళ్ళు చెదిరేలా. నాగలికి ఎముక తగిలితే రైతులు గట్టు మీద పెట్టి పోయేవాళ్ళు. నేను చంకలో పిల్లాణ్ణేసుకుని గట్లెంట తిరిగేదాన్ని. ఎముకని చూసి మొగుణ్ణి గుర్తుపట్టొచ్చు అనుకునే వయసు నాది."

మంచు పాకలోకి కూడా వచ్చింది. ఆవిడ మాటలు దానితో కలిసి తిరుగుతున్నట్టున్నాయి.

"ఇన్నేళ్ళ తరవాత నాకంటూ ఒక సమాధి దొరికింది, షెహ్రిబాన్. నా చేత్తో తవ్వింది. నేను వెళ్ళి పక్కన కూర్చోగలిగేది. దాన్ని ఊరికి ఇవ్వాలనిపించలేదు. నీకు కూడా ఇవ్వాలనిపించలేదు. నాదే అనుకున్నా. మరుసటి వారం రొట్టె కట్టుకుని వెళ్ళా. దిబ్బ లేదు."

షెహ్రిబాన్ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"అది కూడా తెగినదేనా?"

"తెగిందే. నేనే కొడవలితో రెల్లు వేళ్ళు కోశాగా గొయ్యి కోసం. నేనే తెంపానేమో." ఫాదిమె కింద పరుచుకున్న రెల్లుని అరచేత్తో తడిమింది. "అప్పట్నించీ వెతుకుతూనే ఉన్నా. రెల్లు కోతకని పోయేది దానికే. ఈ సరస్సు మీద ఎన్ని దిబ్బలున్నాయో, అన్నీ ఒకలాగే ఉంటాయి. ఒక్కోసారి దొరికిందనుకుంటా, దిగి చూస్తే కాదు. దొరక్కపోయినా ఓర్చుకుంటానే అమ్మాయ్. నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు. మక్కా వైపు తిప్పి పడుకోబెట్టా వాణ్ణి. గాలి మారినప్పుడల్లా దిబ్బ తిరుగుతుందిగా. ఈ పూట ఎటు చూస్తున్నాడో? రేపు ఎటో? చచ్చినవాణ్ణి కూడా నిమ్మళంగా ఒక పక్కకి పడుకోనివ్వకుండా చేశాను."

అప్పుడే సూర్యుడు మళ్ళీ పాక వెనకనుంచి వచ్చి, షెహ్రిబాన్ మొహం మీద పడి, దాటిపోయాడు. ఇల్యాస్ మీద నుంచి కూడా ఇలాగే దాటిపోతూ ఉంటాడు. ఈ రెండేళ్ళలో ఎన్ని పొద్దులు, ఎన్ని వైపులనుంచి! అతను ఎప్పుడూ కదలకుండా కూర్చునే మనిషి కాదు. పడవలోనైనా అటూ ఇటూ ఊగుతూనే ఉండేవాడు. ఇప్పుడు రెల్లు పరుపు మీద పడుకుని సరస్సంతా తిరుగుతున్నాడు. తాను రేవులో చాపలు ఉతికిన రోజున ఆ పక్కగానే పోయాడేమో. రెమ్జీతో ఒడ్డున నిలబడి మొదటిసారి నవ్విన సాయంత్రం, ఎదురుగా మెల్లగా జరిగిపోయిన దిబ్బల్లో ఏదో ఒకటి అతనిదేనేమో. ఆ ఆలోచనకి ఆమెకి సిగ్గు వెయ్యలేదు. ఎందుకో ఆశ్చర్యంగా, కాస్త చల్లగా అనిపించింది. అతని మొహం హఠాత్తుగా గుర్తుకొచ్చింది, కనుబొమ మీది మచ్చతో సహా.

"నేను విధవని," అంది పైకే. "రెండేళ్ళుగా."

"అవును తల్లీ."

"ఒక్క కన్నీటి బొట్టు కూడా కార్చనివ్వలేదు నువ్వు. ఏడిస్తే అపశకునమన్నావు."

"అన్నాను." ఫాదిమె ముందుకి వంగింది. "నేనూ ఏడవలేదు. గట్టిగా ఏడిస్తే ఊరికి తెలిసిపోతుందని. లోపలే పెట్టుకున్నా. ఇక్కడ ఎవరూ వినరు."

ఆవిడే మొదలుపెట్టింది. ముందు గొంతు లేవలేదు, పొడి గాలి మాత్రం వచ్చింది. తరవాత ఎక్కడో అడుగునుంచి ఒక సాగదీసిన రాగం లేచింది. చావు జరిగిన ఇళ్ళలో ముసలివాళ్ళు ఎత్తుకునే రాగమే అది, మాటలు మాత్రం అప్పటికప్పుడు పుట్టుకొస్తున్నవి. నా బిడ్డా, నీ పక్క తడిగా ఉందా, నీ దిండు నీళ్ళ మీద తేలుతోందా, గాలి నిన్ను ఎటు తీసుకుపోయిందిరా, నీ కొడుకైనా లేడురా నీ వెంట నడవడానికి. షెహ్రిబాన్ వింటూ కూర్చుంది. ఏడుపు రాదేమో అనుకుంది. కానీ రెండో మలుపు దగ్గర ఆవిడకి ఊపిరి చాలక రాగం తెగబోతే, తెలియకుండానే తను అందుకుంది. ఇద్దరి గొంతులూ మంచులోకి పోయాయి. నీటికోళ్ళు రెక్కలు టపటపలాడించుకుంటూ లేచిపోయాయి. ఏడుస్తూ ఏడుస్తూ ఎప్పుడు అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుందో షెహ్రిబాన్‌కి తెలియదు. ఆ పగిలిన చేతులు తన జుట్టులో తిరుగుతున్నాయని మాత్రం తెలుసు. క్షమించానని ఆమె అనలేదు. ఆవిడ అడగనూ లేదు.

తలెత్తేసరికి చెంపకి గాలి తగిలింది. వెచ్చగా ఉంది.

రెల్లు కంకులు ఇటు వంగినవల్లా నిలువుగా లేచి, ఒక్క క్షణం ఆగి, అటు వంగాయి.

"దక్షిణపు గాలి," అంది ఫాదిమె.

పొగమంచు చిరిగింది. ముందు సుల్తాన్ కొండల నెత్తిన కొత్త మంచు మెరిసింది, తరవాత పోప్లార్ చెట్ల వరస, ఆ వెనక స్టేషన్ కప్పు. ఒడ్డు ఎంతో దూరం లేదు! వాళ్ళు ఇంతసేపూ దాని వైపే వచ్చారు. రైలు కట్ట మీద ఒక మనిషి చేతులు పైకెత్తి ఊపుతూ పరిగెడుతున్నాడు. పోలికలు కనిపించకపోయినా ఆ నడక ఆమెకి తెలుసు. నీళ్ళ మీద చుట్టూ దిబ్బలు, చిన్నవీ పెద్దవీ, మేతకి వదిలిన గేదెల మందలా చెదిరి ఉన్నాయి. అవన్నీ అప్పుడే ఆగి, వెనక్కి, నడి సరస్సు వైపు తిరుగుతున్నాయి.

"పడవెక్కు," అంది ఫాదిమె. "నీ బండి వేళవుతోంది. నేను చెప్పాల్సింది చెప్పా. ఊళ్ళో కూడా చెబుతా. నువ్వు లేచిపోయావని ఎవరూ అనరు."

షెహ్రిబాన్ మూట తీసుకుంది. తాడు రెండో కొస దిబ్బకే ఉండగా, పడవ వైపు కొస విప్పి ఒక చేత పట్టుకుని, లోపలికి దిగి, గెడ అందుకుంది. అప్పుడు వచ్చింది వాసన. మంచు విడిచిపోయినా స్టేషన్‌కి తూర్పున ఒడ్డు వెంట తెల్లగా ఏదో ఇంకా మిగిలే ఉంది. అది మిగలడం కాదు, లేస్తోంది. అడుగున ఎర్రగా ఉంది. పాత రెల్లు కాల్చేవాళ్ళు గాలి మారుతుందని చూసుకోకుండా నిప్పు పెట్టారు. ఎండిన రెల్లు చిటపటమంటున్న చప్పుడు నీళ్ళ మీదుగా స్పష్టంగా వినిపించింది. కట్ట మీది మనిషి ఇందాకట్నించీ చేతులు ఊపుతున్నది రమ్మని కాదు, నిప్పు వస్తోందని.

"అత్తమ్మా, రా! నిప్పు! తొందరగా ఎక్కు!"

ఫాదిమె కదల్లేదు. గుమ్మంలో కూర్చుని, తన చుట్టూ జరిగిపోతున్న దిబ్బల్ని ఒక్కొక్కటే చూస్తోంది.

"వీటిలో ఏదో ఒకదాని మీద వాడున్నాడు," అంది. "అన్నీ అటే పోతున్నాయి, నిప్పు కూడా అటే పోతుంది. వాణ్ణి మళ్ళీ ఒంటరిగా పంపనా?"

"అత్తమ్మా!"

"నువ్వు పో షెహ్రిబాన్. తాడు వదిలెయ్."

దిబ్బకీ పడవకీ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి. వదులుగా వేలాడుతున్న తాడు నీళ్ళలోంచి లేచి, బొట్లు రాలుస్తూ, ఆమె అరచేతిలో బిగిసింది. ఒడ్డునుంచి రెమ్జీ ఆమె పేరు పెట్టి పిలుస్తున్నాడు. తాడు చర్మంలోకి కోసుకుపోతోంది. పడవ ముక్కు మెల్లగా స్టేషన్ వైపునుంచి తిరిగి, నడి సరస్సుకి ఎదురైంది. షెహ్రిబాన్ రెండో చేతిలో గెడ ఇంకా పైకెత్తే ఉంది, ఏ వైపూ నీళ్ళలో దిగకుండా.